యాదమ్మగారి ముందుగది

అత్తయ్యగారికి,

నమస్కారం. మీరు వెళ్ళిపోయి ఏడు నెలలు కావస్తోంది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం... అని మొదలుపెడదామనుకున్నాను. ఎంత బాగున్నామో చదివాక మీరే తేల్చుకోండి.

అల్లుడు ఉత్తరం రాయడమేమిటని నవ్వుతున్నారా? పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరూ నేనూ నేరుగా మాట్లాడుకున్నది ఎప్పుడు? నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నా సరే, "అమ్మాయ్, బాబుగారు కాఫీ తాగుతారేమో కనుక్కో" అనేవారు వాణితో. వాణి నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేసేది. నేను తలూపేవాణ్ణి. అల్లుడి ముందు కూర్చోకపోవడం, కొంగు భుజం నిండా కప్పుకోవడం, మాట కూతురి మీదుగా పంపించడం... మండపేట పక్క మన ఊళ్ళలో అది మర్యాద. నేనూ ఆ మర్యాదలోనే పెరిగినవాణ్ణి.

ఆ మర్యాద మనిద్దరినీ ఎంత ఇబ్బంది పెట్టిందో మనిద్దరికే తెలుసు. ఇన్నాళ్ళూ వాణితో కూడా పూర్తిగా చెప్పుకోలేదు. సిగ్గు.

మిమ్మల్ని శామీర్‌పేట తీసుకొచ్చిన రోజు గుర్తుందా? ఆపరేషన్ అయి, పొట్టకి మలం పోయే సంచి కట్టించుకుని, పెద్ద దుప్పటి చుట్టుకుని కారు దిగారు. మావయ్యగారు పోయాక ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ఇంకెక్కడికి తీసుకెళ్తాం?

కింద వాటాలో ఉండే మన ఇంటి ఓనరు యాదమ్మగారు అప్పుడే వాకిట్లోకి వచ్చింది. మిమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏందమ్మా, గిట్లయినవేంది? ఏమైంది నీకు? తింటున్నవా?" అని గట్టిగా అడిగింది. మీ మొహం మాడిపోయింది. మెట్లెక్కాక వాణితో అన్నారు, "ఆవిడేంటే, మొహం చూసిన మొదటిరోజే నన్ను నువ్వంటది?" అని. ఇక్కడంతా అలాగే మాట్లాడతారమ్మా, అందులో ఆప్యాయతే గానీ అమర్యాద లేదని వాణి ఎంత చెప్పినా వినలేదు. "ఆయ్, అలాగే అనుకుందాం" అన్నారు మూతి తిప్పుకుని.

యాదమ్మగారితో మేం గ్యాస్ ఆపరేషనని చెప్పాం. క్యాన్సరని తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమోనని భయం. మీకేమో పేగులో పుండని చెప్పాం. పెద్దాసుపత్రి డాక్టరు, "ఆమెకు తెలుసా?" అని నన్నూ వాణినీ పక్కకి పిలిచి అడిగితే, ఇద్దరం ఒక్కసారే "చెప్పకండి" అన్నాం. వాణి తుర్కపల్లిలో మందుల ల్యాబులో పనిచేసే పిల్ల... ఏ మందు దేనికో, ఎంతవరకు పనిచేస్తుందో అన్నీ తెలిసిన మనిషి. ఆఫీసులో వాళ్ళందరితో "రోగికి చెప్పాలి" అనే వాదించేదట. మీ దగ్గరికొచ్చేసరికి నోరు రాలేదు.

పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాం. ఫోనులో వాణి "ఏంది", "జల్దీ", "మస్తు" అంటుంటే మీరు పైటకొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మాట మారింది. తిండి మారింది. చావు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ పద్ధతి మాదో మాకే తెలియలేదు...

వాణి క్యాబు పొద్దున్నే వచ్చేసేది. సెలవులన్నీ అయిపోయాయి. నేను ఇంట్లోంచే పని చేసుకునేవాణ్ణి. మీకోసం పెట్టిన ఆయా సంచి మార్చాలనేసరికి మానేసింది. రెండో ఆమె కూడా అంతే.

ఆ తర్వాతే అది జరిగింది. సంచి ఊడిపోయింది. మీరు ఎలా నడిచారో గానీ బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టేసుకున్నారు. హాల్లోంచి బాత్రూము దాకా నేలంతా... రాయనులెండి. నేను తలుపు కొడితే లోపలినుంచి ఏమన్నారో గుర్తుందా?

"అమ్మాయ్, బాబుగార్ని వెళ్ళి పని చూసుకోమను. నువ్వొచ్చాక తీస్తాను."

వాణి ఇంట్లో లేదు. సాయంత్రం దాకా రాదు. మీకూ తెలుసు. అయినా లేని కూతురికే చెప్పారు.

నేను నేల తుడిచాను. మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాను. "అత్తయ్యగారూ, తడి నేల మీద అలా కూర్చోకండి" అన్నాను.  మెల్లగా ఏడుపు మాత్రం వినిపిస్తోంది. ఏం చెయ్యాలో తోచక కిందికి పరిగెత్తి యాదమ్మగార్ని పిలుచుకొచ్చాను.

ఆవిడ తలుపు మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. "ఓ వదినె! తలుపు తియ్. ఎంతసేపు కూసుంటవ్ లోపల? నీ అల్లుడు నేలను అద్దం లెక్క తుడిసిండు. ఇగ సిగ్గు ఎవలకోసం?"

చాలాసేపటికి గడియ తీశారు. యాదమ్మగారే స్నానం చేయించింది. సంచి చూసింది. నా మొహం చూసింది. గ్యాస్ ఆపరేషన్ సంగతి ఒక్కమాట కూడా ఎత్తకుండా కిందికి వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చే నర్సు ఆ వారమే నాకు సంచి మార్చడం నేర్పింది. మొదటిసారి నేను గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ మార్చాను. సగం అంటుకుంది, సగం అంటుకోలేదు. మీరు కొంగు మొహం మీదికి లాక్కున్నారు. ఆ గుడ్డ వెనకనుంచి, "అమ్మాయ్, బాబుగారికి చెప్పు, నొప్పేం లేదని" అన్నారు.

రోజూ అదే మాట. రోజూ లేని వాణికే చెప్పేవారు. కొన్నాళ్ళకి నేనూ అలవాటుపడి, "వాణీ, అమ్మని కొంచెం పక్కకి తిరగమను" అనేవాణ్ణి. ఒకరోజు మీరు కొంగు కింద నవ్వారు. పొట్ట కదిలింది... చూశాను. నాకూ నవ్వొచ్చింది. అత్తయ్యగారూ, ఆ నవ్వు గురించి వాణికి ఎప్పుడైనా చెప్పారా?

తర్వాత మందులు పనిచెయ్యడం ఆగిపోయింది. ఇంక నొప్పి తెలియకుండా చూసుకోవడమే అన్నారు. మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టారు. అప్పుడు మీరు పట్టుపట్టారు. ఊరికి తీసుకెళ్ళమని.

"ఆడపిల్ల గడపలో తల్లి ప్రాణం పోతే ఆ పిల్లకి మంచిది కాదే. నన్ను మన ఇంట్లో పడేసి వచ్చెయ్యండి. పక్కింటివాళ్ళు చూసుకుంటారు."

వాణికి కోపం ముంచుకొచ్చింది. ఈ కాలంలో కూతురేంటి, కొడుకేంటి అంది. ఊళ్ళో ఆ మాత్రలు దొరకవు, నర్సు రాదు, అక్కడ నొప్పితో మెలితిరిగిపోతావంది. అన్నీ నిజమే. మీరు గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం మానేశారు. నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు. మాట్లాడాల్సింది ఏమిటో నాకు తెలిస్తేగా.

ఇంకో భయం కూడా ఉంది. అది వాణికీ నాకూ మధ్యనే నలుగుతోంది. ఈ ఊళ్ళో అద్దె ఇంట్లో మనిషి పోతే ఓనర్లు శవాన్ని ఇంట్లో ఉంచనివ్వరు. తెలిసినవాళ్ళకి జరిగింది చూశాం. ఆసుపత్రినుంచి అటే శ్మశానానికి తీసుకుపోయారు. అందుకని చివర్లో మిమ్మల్ని ఆసుపత్రిలో చేర్చేద్దామని ఇద్దరం వంటింట్లో నిలబడి గుసగుసగా మాట్లాడుకున్నాం. మీకు వినపడదనుకున్నాం.

రెండు రోజుల తర్వాత యాదమ్మగారు మిమ్మల్ని చూడటానికి పైకి వచ్చింది. నేను పక్కగదిలో పని చేసుకుంటున్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మీ గొంతు వినిపించింది.

"యాదమ్మగారూ, మీ ఇంట్లో నేను పోతే మీకు కష్టమేనా అండీ?"

నా చేతులు ఆగిపోయాయి.

"పిల్లలు నాకేం తెలీదనుకుంటున్నారు. ఇది మానే పుండు కాదండి. మీతో కూడా అబద్ధం చెప్పారు, ఏమనుకోకండి, భయపడ్డారు. మీరు వద్దంటే నేనేం అనుకోను. ఆసుపత్రికి పట్టుకెళ్ళమని నేనే చెప్తాను. అడక్కుండా మీ ఇంట్లో పోతే మాత్రం దొంగతనంగా ఉంటదండి."

మేం గుసగుసలాడుకున్న మాటని మీరు నోరారా అడిగేశారు. నేను పక్కగదిలో ఉన్నానని మీకు తెలుసు కదా? నాకు వినిపించాలనే అడిగారా?

 "నన్ను జర సోంచాయించుకోనియ్ వదినె" అని, ఆలోచించుకోవడానికి టైము అడిగి యాదమ్మగారు లేచి వెళ్ళిపోయింది. మెట్ల దగ్గర ఎదురుపడితే నేను తల దించుకున్నాను.

నాలుగైదు రోజులు ఆవిడ రాలేదు. ఖాళీ చెయ్యమంటుందనే అనుకున్నాం. తర్వాత ఒక పొద్దున వచ్చి, మీ మంచం పక్కన కింద కూర్చుని, మన ముగ్గురికీ వినపడేలా చెప్పింది.

"కిరాయిదార్లు ఇంట్ల పోతే మావోళ్ళు ఊకోరు. అది నాతోని గాదు. గానీ నా సుట్టం నా ఇంట్ల పోతే ఎవడేమంటడు? నా ముందటి అర్రకు రా వదినె. మంచం ఏస్త. అది నీ బిడ్డ ఇల్లు గూడ గాదు, నా ఇల్లు. నీ పట్టింపు తీరుతది, నా పట్టింపు తీరుతది. ఏమంటవ్?"

మీరు లేచి కూర్చున్నారు. ఎన్నాళ్ళ తర్వాతో! ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఆయ్, వస్తానండి" అన్నారు. పెళ్ళికి పిలిచినట్టు.

ఆ రోజు వాణి ఏడ్చిన ఏడుపు మీరు చూడలేదు. పైన గదిలో తలుపేసుకుని ఏడ్చింది. "కడుపున పుట్టిన దాన్ని నేనుండగా మా అమ్మ ఎవరింట్లోనో పోవాలా? ఆ యాదమ్మగారికున్నపాటి ఇల్లు నాకు లేకపోయిందా?" అంది. ఏమని ఓదార్చను? మా చేతిలో మంచి ఉద్యోగాలున్నాయి, పిలిస్తే వచ్చే డాక్టర్లున్నారు. మీరు కన్నుమూయడానికి మాదని చెప్పుకునే ఒక గడప లేదు. ఉన్నా, అది కూతురి గడప అని మీరు దాటి వెళ్ళేవారు. దేనికి సిగ్గుపడాలో కూడా తెలియని సిగ్గు అది.

యాదమ్మగారి అబ్బాయి నర్సింలు మేడ్చల్‌లో ఉంటూ టైర్ల షాపు నడుపుతాడు కదా, అతనూ నేనూ మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించాం. వీధిలో వాళ్ళంతా గేట్ల దగ్గర నిలబడి చూశారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెట్ల మలుపులో మీరు అన్నారు...

"మెల్లగా బాబుగారూ. మీ నడుం జాగ్రత్త."

మధ్యలో వాణి లేదు. నాతోనే అన్నారు.

ఆ ముందుగదిలో మీరు మూడు వారాలు ఉన్నారు. నేను పొద్దునా సాయంత్రం కిందికి వచ్చి సంచి మార్చేవాణ్ణి. యాదమ్మగారు పక్కనే కూర్చుని చూసేది. ఆవిడ రాగిజావ తెస్తే, "మా వైపు ఇంత పలచగా కాయమండి" అనేవారు మీరు. "మీ దిక్కు ముచ్చట్లు పక్కకు పెట్టి తాగు" అనేది ఆవిడ. మీరు ఆవిణ్ణి చివరిదాకా మీరు అనే అన్నారు. ఆవిడ మిమ్మల్ని చివరిదాకా నువ్వు అనే అంది. ఇద్దరూ టీవీ సీరియల్‌లో కోడల్ని కలిసి తిట్టేవారు. ఊరి మాట మళ్ళీ మీరు ఎత్తలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం వాణి ఇంట్లోనే ఉంది. మీ కాళ్ళ దగ్గర కూర్చుంది. మీరు కళ్ళు తెరిచి నావైపు చూశారు. "బాబుగారూ, పిల్ల పొద్దున్నుంచీ ఏం తినలేదు. అన్నం పెట్టండి" అన్నారు. నేను పైకి వెళ్ళి కంచంలో పెరుగన్నం కలుపుకొచ్చాను. వచ్చేసరికి యాదమ్మగారు మీ కళ్ళు మూస్తోంది.

తర్వాత జరిగింది మీకు తెలియదు కదా.

యాదమ్మగారి మరిది వచ్చాడు. వాకిట్లో నిలబడి అరిచాడు. "కిరాయోళ్ళ పీనుగను ఇంట్ల పెట్టుకుంటవా? నీకేమన్న దిమాక్ ఉన్నదా?" అని. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కిరాయోళ్ళు పైన ఉంటరు. ఈమె నా వదినె. నా ఇంటికొచ్చింది, నా ఇంట్లనుంచే పోతది. అరవకు, లోపల పెద్దమనిషి పండుకున్నది."

పాడె ఆవిడ గుమ్మంలోంచే లేచింది. కొరివి నేను పెట్టాను.

ఇక్కడివరకూ తలెత్తుకునే రాశాను. ఆ మర్నాడు జరిగిందే రాయలేక ఇన్ని నెలలు ఆగాను.

వాణి తృప్తికోసం మనవైపు పురోహితుణ్ణి పిలిపించాను. ఆయన మీరు పోయిన వేళ చూసి, నక్షత్రం మంచిది కాదన్నాడు. ప్రాణం పోయిన గది ఆరు నెలలు మూసెయ్యాలన్నాడు. యాదమ్మగారు అక్కడే ఉంది. మన పద్ధతి అది, ఆవిడది కాదు. ఆవిడ పట్టించుకోనక్కర్లేదని నేను చెప్పాలా వద్దా? నోరు తెరిచేలోగా ఆవిడ లోపలికెళ్ళి టీవీ తీగ పీకి, చాప చుట్టి, తాళం పట్టుకొచ్చింది. "మా వదినె పట్టింపు గదా, కానియ్" అంది.

ఆరు నెలలు, అత్తయ్యగారూ. సొంత ఇంటి ముందు గుమ్మం మూసుకుని, ఆ మనిషి పక్కసందులోంచి నడిచింది. వానాకాలమంతా ఆ సందులో బురద. టీవీ వంటింట్లో గ్యాసుపొయ్యి పక్కకి చేరింది. నర్సింలు నాతో మాట్లాడటం మానేశాడు. ఆదివారం వచ్చి, ఆ తాళం చూసి, పైకి ఒకసారి చూసి వెళ్ళిపోయేవాడు. తప్పేముంది? నేను రోజూ మెట్లు దిగుతూ ఆ తాళాన్ని తప్పించుకుని నడిచేవాణ్ణి. వాణి, "ఇల్లు మారిపోదామండీ, ఆవిడ మొహం చూడలేకపోతున్నాను" అంది. గాజులరామారంలో ఇల్లు కూడా చూశాం. కానీ ఆ తాళం అలా ఉండగా సామాన్లు ఎత్తుకుని ఎలా పోతాం?

పోయిన నెల గది తెరిచారు. ఆవిడే సున్నం వేయించింది. మమ్మల్ని భోజనానికి పిలిచింది. తిన్నాక వాణి గిన్నెలు సర్దుతుంటే నన్ను పక్కకి పిలిచింది.

"బిడ్డా, నీకొక మాట జెప్త. మా నర్సింలుగానికి జెప్పకు. దొడ్డికి పోతే నెత్తురు పడ్తాంది. శానా దినాలయింది."

ఎన్నాళ్ళ నుంచని అడిగితే చెప్పలేదు. కోడలుంది, చెల్లెలుంది, వాళ్ళకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఆడోళ్ళకు జెప్పినా సిగ్గే అయితాంది. నువ్వు మీ అత్తకు జేసినవ్ గద. నీ ముందల నాకేం సిగ్గు?"

 నేను క్యాలెండరు వైపు చూస్తూ, ముక్కు బిగబట్టుకుని చేసిన పని అది... ఆవిడకి అలా కనిపించిందా?

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలు చేశారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "పెద్దావిడకు చెప్పొచ్చా?" అన్నాడు. వద్దనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఇంత జరిగాక కూడా. మేం దాచినా అంతా తెలిసి మీరు యాదమ్మగార్ని అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చి ఆగాను. "ఆవిణ్ణే అడగండి" అన్నాను.

అడిగాడు. "నాకే జెప్పు సారూ. నా పానం నాది గద" అంది.

అదే జబ్బు. కానీ తొందరగా దొరికిందట. ఆపరేషన్ చేస్తే పోతుందన్నారు. కొన్నాళ్ళు సంచి పెట్టుకోవాలి. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నా కొడుక్కు నేనే జెప్త" అంది. కారులోనే ఫోన్ చేసి చెప్పింది. క్యాన్సరనే చెప్పింది.

నిన్న సాయంత్రం నర్సింలు మన మెట్లెక్కి వచ్చాడు. ఏడు నెలల తర్వాత. గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చేతుల మీద టైర్ల నలుపు ఇంకా ఉంది. నేలవైపు చూస్తూ అన్నాడు...

"అన్నా, అమ్మకు సంచి మార్సుడు నాకొస్తదా? గట్ల అమ్మను... నాకు ఎట్లనో అయితాంది."

వాణి లోపలినుంచి విని ఏడుస్తోంది. నేను అతని భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. నాకూ మొదట్లో అలాగే అనిపించిందని చెప్పాను. ఈ మాట మీరు ఉన్నప్పుడు ఎవరితోనూ అనలేదు.

మీవి వాడకుండా మిగిలిపోయిన సంచులు అలమరలో కొన్ని ఉన్నాయి. ఆదివారం నర్సింలు వస్తానన్నాడు. దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ నేర్పుతాను అత్తయ్యగారూ. గోడవైపు చూడకుండా.

ఉంటానండి,
మీ అల్లుడు
శ్రీనివాసు